నడిమి వరుస విలువ: రహీం సాబ్ నేర్పిన పాఠం

ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసిందంటే మన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "గోల్ ఎవరు కొట్టారు?" అన్నదే. ఆ గోల్‌కు ముందు బంతిని ఎవరు అందించారు, అంతకు ముందు దానిని ఎదుటివారి కాళ్ళ నుంచి ఎవరు లాక్కున్నారు అని అడిగేవాడు నూటికి ఒక్కడు కూడా కనిపించడు. పెద్దల సంగతి కూడా ఇంతకంటే భిన్నంగా ఏమీ లేదు. గోల్ కొట్టినవాడి పేరు ఊరంతా మారుమోగుతుంది. ఆ గోల్‌కు దారి వేసినవాడు చెమట తుడుచుకుంటూ ఇంటికి పోతాడు.

మా లక్సెట్టిపేటలోనూ, గోదావరి ఒడ్డున ఉన్న మిగతా ఊళ్ళలోనూ సాయంత్రం వేళ పిల్లలు ఆడే ఆటను గమనించండి. ప్రతి పిల్లవాడికీ ముందు వరుసే కావాలి. అందరికంటే చిన్నవాణ్ణి గోల్ దగ్గర నిలబెడతారు. నడుమ మాత్రం ఎవరూ నిలబడరు. బంతి ఎటు పోతే అటు పదిహేను మంది గుంపుగా పరుగెత్తుతారు. ఇది పిల్లల తప్పు అనలేము. వాళ్ళకు ఆట చూపించిన మనమే గోల్‌ను తప్ప మరి దేనినీ చూపించలేదు.

మైదానం నడుమ ఆడేవాడి పని ఏమిటి? జట్టు పన్నే వ్యూహాన్ని బట్టి, బంతి ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉంటుందన్న దాన్ని బట్టి అతని ఆట ఎలా మారుతుంది? ఈ ప్రశ్నలు వినడానికి విదేశీ కోచ్‌ల చర్చలాగా ఉంటాయి. కానీ మన హైదరాబాద్‌లో ఒక బడిపంతులు డెబ్బై ఏళ్ళ కిందటే వీటికి మైదానంలో జవాబు చెప్పారు. ఆయనే జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం మర్హూమ్. ఫుట్‌బాల్ లోకం ఆయనను రహీం సాబ్ అని పిలుచుకుంది.

బడిపంతులు, కోచ్

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, ఆ జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు మోశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద జట్లకే సొంతమనుకున్న ఆటలో దక్కన్ వాళ్ళు ఇలా నిలబడడం దేశాన్ని ఆశ్చర్యపరిచింది.

అదే కాలంలో ఆయన భారత జట్టుకూ కోచ్‌గా ఉన్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం అందుకుంది.

ఆయన వృత్తి రీత్యా పంతులు అన్న మాట ఇక్కడ ముఖ్యం. మంచి పంతులు తరగతిలో మొదటి బెంచీ పిల్లలను మాత్రమే చూడడు. ఏ పిల్లవాడికి ఏది చేతనవును, ఏది చేతకాదు అని చూసి పాఠం చెబుతాడు. రహీం సాబ్ మైదానంలో చేసింది కూడా అదే.

హెల్సింకీ దెబ్బ, హంగరీ పాఠం

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది అప్పటికి బూట్లు లేకుండానే ఆడేవారు. ఓటమికి కారణం బూట్లే అని దేశంలో అందరూ అన్నారు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. యూరప్ జట్లు బంతిని నడిపించే తీరే వేరుగా ఉండేది.

అదే ఒలింపిక్స్‌లో హంగరీ బంగారు పతకం గెలిచింది. ఆ హంగరీ జట్టే 1953 నవంబరు 25న లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. అప్పట్లో ముందు వరుసలో నడుమ నిలబడే ఆటగాడు గోల్ ఎదుటే ఉండేవాడు. హంగరీ ఆటగాడు హిడెగ్కుటి అక్కడ నిలబడలేదు. కొంత వెనక్కి, మైదానం నడుమకు వచ్చి బంతి అందుకునేవాడు. అతణ్ణి కాపలా కాయవలసిన ఇంగ్లండు ఆటగాడు అతని వెంట వస్తే వెనుక గోల్ ముందర ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే హిడెగ్కుటికి నడుమ అడ్డం ఉండదు. ఆ రోజు అతను మూడు గోల్స్ కొట్టాడు.

ఒక మనిషి నిలబడే చోటు పది గజాలు మారితే ఇరవై ఇద్దరి ఆట మారిపోయింది. వ్యూహం అంటే ఇదే. రహీం సాబ్ ఈ పాఠాన్ని శ్రద్ధగా గ్రహించారు. బంతిని పొడవుగా తన్ని దాని వెంట పరుగెత్తే పాత పద్ధతిని మాన్పించి, చిన్న చిన్న పాసులతో బంతిని నేలమీద నడిపించే పద్ధతిని మన జట్టుకు అలవాటు చేశారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ ఫలితం కనిపించింది. మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. నాలుగేళ్ళ కిందట పది గోల్స్ కొట్టిన యుగోస్లావియా మళ్ళీ సెమీఫైనల్లో ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా మన జట్టు ఆ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు మించిన స్థానం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు ఇప్పటివరకు దక్కలేదు. హైదరాబాద్ పోలీస్ జట్టుకు చెందిన నూర్ మహమ్మద్ ఆ జట్టులో హాఫ్‌బ్యాక్. ఈనాడు మిడ్‌ఫీల్డర్ అని పిలిచేవాణ్ణి ఆనాడు హాఫ్‌బ్యాక్ అనేవారు. డిసౌజా పేరు చరిత్రలో నిలిచింది. నూర్ పేరు చెప్పగలిగినవారు మన ఇళ్ళల్లో ఎంతమంది?

డ్రిబ్లింగ్ నిషేధం

రహీం సాబ్ తన ఆటగాళ్ళకు ఉపన్యాసాలతో నేర్పలేదు. హైదరాబాద్‌లో ఆయన వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒక్కడే తీసుకుపోకూడదు. అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. మరో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి.

ఈ నియమాల వెనుక ఉన్న తెలివిని గమనించండి. బంతి దగ్గర ఉంచుకునే హక్కు లేనప్పుడు ఆటగాడు ఏం చేయాలి? బంతి తన దాకా రాకముందే తల ఎత్తి చూడాలి. నా వాడు ఎక్కడున్నాడు, ఎదుటివాడు ఎటు వస్తున్నాడు, ఖాళీ ఎక్కడుంది అని ముందే లెక్క వేసుకోవాలి. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడలేడు. పాసు అందే చోటికి కదలాలి. నడిమి ఆటగాడికి కావలసిన విద్య అంతా ఇందులోనే ఉంది. అతని చుట్టూ నాలుగు వైపులా ఎదుటివారే ఉంటారు. అంచున ఆడేవాడికి ఒక పక్క గీత రక్షణగా ఉంటుంది. వెనుక ఆడేవాడికి ఆట అంతా ఎదురుగానే కనిపిస్తుంది. నడుమ ఉన్నవాడికి వీపు వైపు కూడా కళ్ళు కావాలి. బంతి అందిన తర్వాత ఆలోచించేవాడు అక్కడ పనికిరాడు.

ఆయన మనసు ఎంత పెద్దదో తెలిపే సంగతి ఒకటి తరచుగా చెబుతారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం. శిక్షణకు రావడానికి దారి ఖర్చులకు డబ్బు లేదన్నాడు. రహీం సాబ్ అద్దె సైకిల్ కోసం రోజుకు ఒక రూపాయి తన జేబులోంచి ఇచ్చారు. ఆ కుర్రాడే తర్వాత దేశం గర్వించే ఆటగాడయ్యాడు. 2023లో మరణించే వరకు బలరాం తన ఉస్తాద్‌ను తలచుకుంటూనే ఉన్నారు.

జకార్తాలో ఆఖరి విజయం

1958 ప్రపంచ కప్పును బ్రెజిల్ 4-2-4 వ్యూహంతో గెలిచింది. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు. రహీం సాబ్ కూడా మన జట్టును ఈ పద్ధతిలో ఆడించారు. ఇందులో లాభం, ప్రమాదం రెండూ ఉన్నాయి. ముందు నలుగురు ఉండడం వల్ల దాడి పదునెక్కుతుంది. కానీ నడుమ మిగిలేది ఇద్దరే. బంతి పోగానే ఆ ఇద్దరి మీద నలుగురైదుగురు వచ్చి పడతారు. ఆ భారం పంచుకోవాలంటే ముందున్నవారిలో ఒకరు వెనక్కి దిగిరావాలి. పేరుకు ముందు ఆటగాడు, పనికి సగం నడిమి ఆటగాడు. హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్ ఇలా ముందుకూ నడుమకూ తిరిగి ఆడగల మనిషి. ఆయనకు 1966లో అర్జున అవార్డు లభించింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాము. తర్వాత థాయ్‌లాండు, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను ఓడించి ఫైనల్ చేరాము. వెనుక వరుసలో ఆడే జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలోకి పంపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో స్టేడియం అంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా పీకే బెనర్జీ ఒకటి, ఆ జర్నయిల్ సింగ్ ఒకటి గోల్ కొట్టారు. మొదట మనను ఓడించిన కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం బంగారు పతకం మళ్ళీ గెలవలేదు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలు కాలేదు. ఆయన కథతో మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చే వరకు మన యువతరంలో చాలామందికి ఆయన పేరే తెలియదు.

ఆయన నాటిన తోట మాత్రం కొంతకాలం కాయలు కాసింది. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్ళిన మహమ్మద్ హబీబ్ ఆ నేల బిడ్డే. గోల్ కొట్టడమూ తెలుసు, బంతి పోతే వెనక్కి పరుగెత్తి లాక్కోవడమూ తెలుసు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్, హబీబ్ అందులో ఆటగాడు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోల్ హబీబ్‌దే. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మరణించారు.

బంతి మనదైతే గెలుపు మనదేనా?

ఇక ఈ కాలపు ఆటకు వద్దాం. టీవీలో మ్యాచ్ చూస్తుంటే ఏ జట్టు దగ్గర బంతి ఎంత శాతం సేపు ఉంది, ఏ ఆటగాడు ఎన్ని పాసులు ఇచ్చాడు అని తెర మీద అంకెలు వస్తుంటాయి. వాటిని చూసి మన యువకులు "ఫలానావాడు బాగా ఆడాడు, ఫలానావాడు ఆడలేదు" అని తీర్పులు చెప్పేస్తున్నారు. ఈ తీర్పులు ఎంత తొందరపాటువో చూడండి.

స్పెయిన్ జట్టు 2010 ప్రపంచ కప్పు గెలిచింది. జావి, ఇనియెస్టా వంటి నడిమి ఆటగాళ్ళు బంతిని ఎదుటివారికి అందనివ్వకుండా చిన్న పాసులతో తిప్పుతూ ఆడారు. నాకౌట్ దశలో నాలుగు మ్యాచ్‌లూ 1-0తోనే గెలిచారు. బంతి తమ దగ్గర ఉంచుకోవడం వాళ్ళకు దాడి మాత్రమే కాదు, రక్షణ కూడా. బంతి లేని జట్టు గోల్ కొట్టలేదు కదా!

అదే పద్ధతితో 2022లో ఖతర్‌కు వచ్చారు. నవంబరు 23న కోస్టారికా మీద 7-0. నడిమి కుర్రాళ్ళు పెడ్రీ, గావిలను లోకమంతా మెచ్చుకుంది. డిసెంబరు 1న జపాన్‌తో ఆడారు. బంతి జపాన్ దగ్గర ఉన్నది సుమారు 18 శాతం సేపే. అయినా జపాన్ 2-1తో గెలిచింది. రెండో అర్ధభాగం మొదట్లోనే స్పెయిన్ గోల్ దగ్గరికి ఎగబడి బంతి లాక్కుని కొద్ది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. డిసెంబరు 6న మొరాకోతో ఆట. దాదాపు నాలుగింట మూడొంతుల సేపు బంతి స్పెయిన్ దగ్గరే ఉంది. గోల్ మాత్రం రాలేదు. పెనాల్టీల్లో స్పెయిన్ ఒక్కటి కూడా గోల్ చేయలేక 3-0తో ఓడి ఇంటికి పోయింది.

పదమూడు రోజుల తేడాలో అదే జట్టు, అదే పద్ధతి. పాసుల లెక్క పెద్దగా తగ్గలేదు. మారినది ఎదుటివారి వ్యూహం. మొరాకో ఆటగాళ్ళు బంతి వెంట గుడ్డిగా పరుగెత్తలేదు. వరుసల మధ్య ఖాళీ లేకుండా దగ్గర దగ్గరగా నిలబడి, స్పెయిన్‌ను పక్కలకే పాసులు ఇచ్చుకునేలా చేశారు. పక్కకు ఇచ్చే పాసు లెక్కలో చేరుతుంది, గోల్‌కు చేరదు. మొరాకో నడిమి ఆటగాళ్ళలో సోఫియాన్ అమ్రాబత్ దారులు మూసేవాడు, అజ్జెదీన్ ఊనాహీ బంతి దొరికిన మరుక్షణం దాన్ని ముందుకు మోసుకుపోయేవాడు. ఆట ముగిశాక స్పెయిన్ కోచ్, పేరు గుర్తుకు రాకపోయినా ఊనాహీ ఆటను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఆ మొరాకో జట్టు సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా దేశమైంది.

మరో ఉదాహరణ. ఇంగ్లండులో లెస్టర్ అనే చిన్న జట్టు 2015-16లో పెద్దవాళ్ళందరినీ దాటి లీగ్ గెలిచింది. ఆ జట్టు దగ్గర బంతి సగటున సగం సేపు కూడా ఉండేది కాదు. అందులో ఎన్గోలో కాంటే అనే నడిమి ఆటగాడు ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ ట్యాకిల్స్ చేశాడు, ఎదుటివారి పాసులను అందరికంటే ఎక్కువసార్లు మధ్యలో అడ్డుకున్నాడు. అతని గొప్పతనంలో సందేహం లేదు. కానీ ఒకటి గమనించాలి. బంతి ఎప్పుడూ తమ దగ్గరే ఉంచుకునే జట్టులో అతను ఉంటే అన్నిసార్లు లాక్కునే అవసరమే రాదు. అప్పుడు అంకె తగ్గుతుంది. మనిషి తగ్గినట్టా? కాదు.

మేము చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. నడిమి ఆటగాడి అంకెలు అతని ఒక్కడివి కావు. సగం జట్టు వ్యూహానివి. బంతి తమ దగ్గర ఉంచుకునే జట్టులో అతని పాసులు పెరుగుతాయి, ట్యాకిల్స్ తగ్గుతాయి. కాచుకుని ఒక్కసారిగా దాడి చేసే జట్టులో ఇవి తలకిందులవుతాయి. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది, పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తుతాడు. బంతి ఉన్నప్పుడు ఆ పరుగు తోటివాడికి దారి చూపడానికి, లేనప్పుడు ఎదుటివాడికి దారి మూయడానికి. కాబట్టి "ఎన్ని పాసులు ఇచ్చాడు?" అని కాదు, "జట్టు అతనికి అప్పగించిన పని ఏమిటి, అది చేశాడా?" అని అడగాలి.

మన మైదానాల సంగతి

మన రాష్ట్రంలో ఈ ఆట తిరిగి లేస్తుందన్న ఆశ ఒకసారి కలిగింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి., స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గెలిచింది. ఓటమి అంచున 88వ నిమిషంలో గోల్ కొట్టి జట్టును నిలబెట్టిన సాహిల్ తవోరా నడిమి ఆటగాడే. కానీ 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే పోతుంది. బడి మైదానంలో పెరిగిన జట్టు అంత తేలికగా పోదు. రహీం సాబ్ తరం దానికి సాక్ష్యం.

కాబట్టి ఉపాధ్యాయులకు, వ్యాయామ శిక్షకులకు, సాయంత్రం పిల్లల ఆట చూసే తండ్రులకు మా విన్నపం ఒకటి ఉంది. దీనికి పెద్ద స్టేడియం అక్కరలేదు. లక్సెట్టిపేట, జన్నారం, దండేపల్లి బడుల మైదానాలు చాలు, ఒక బంతి చాలు. వారంలో ఒక రోజు రహీం సాబ్ నియమం పెట్టండి. బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. మరో రోజు వాటం లేని కాలితో ఆడించండి. ఒక గోల్‌కు ముందు వరుసగా ఐదు పాసులు ఉండాలని షరతు పెట్టండి. మరునాడు ఆ షరతు ఎత్తేసి, బంతి లాక్కున్న తర్వాత మూడు పాసుల్లోనే గోల్ దగ్గరికి చేరాలని చెప్పండి. రెండు రోజుల్లో ఒకే పిల్లవాడి ఆట ఎలా మారుతుందో మీరే చూస్తారు. ఎవరు తల ఎత్తి చూస్తున్నారో, ఎవరు తోటివాడి కోసం ఖాళీలోకి పరుగెత్తుతున్నారో అప్పుడు బయటపడుతుంది. సన్నగా, పొట్టిగా ఉన్నాడని పక్కన పెట్టిన పిల్లవాడే మీ జట్టుకు నడుమ స్తంభమని తేలవచ్చు.

ఆ పిల్లవాడు ఇంటికి పోయి "నేను గోల్ కొట్టలేదు" అని చిన్నబుచ్చుకుంటే "ఎంతమందికి బంతి అందించావు? ఎన్నిసార్లు లాక్కున్నావు?" అని తల్లిదండ్రులు అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో అతనికి తన పని విలువ తెలుస్తుంది. ఇంట్లోనూ, బడిలోనూ, మొహల్లాలోనూ పేరు కోరకుండా నడుమ నిలబడి ఇటువారిని అటువారితో కలిపేవారు ఉంటారు. వారిని గుర్తించే చూపు పిల్లలకు ఆటస్థలంలోనే అలవడితే అంతకంటే మంచి చదువు ఏముంటుంది?